గంజక్క గదిలో మడతమ్మ

ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆవిడ గంజక్కే. బట్టల గదిలో చేరిన కొత్తలో దుప్పట్లకి గంజి పెట్టే పని తనదే కాబట్టి ఆ పేరు వచ్చిందని ఆవిడ చెప్పుకుంటుంది. మాటలో ఉన్న బిరుసుకి వచ్చిందని మిగతావాళ్ళు చెప్పుకుంటారు. ఏదైతేనేం, ఆ పేరుతో పిలిస్తే పలుకుతుంది. అసలు పేరుతో పిలిస్తే ఎవర్నో అనుకుని తన పని తాను చేసుకుంటుంది.

ఆసుపత్రి అడుగు అంతస్తులో, ఉతికే యంత్రాల పక్కనున్న గది ఆవిడ రాజ్యం. యంత్రాల్లోంచి వేడివేడిగా వచ్చిన దుప్పట్లు, దిండు గలీబులు, రోగుల గౌన్లు, ఆపరేషన్ గది ఆకుపచ్చ గుడ్డలు అన్నీ ఆ గదిలో పొడుగాటి బల్ల మీద మడతపడి, గోడవారనున్న చెక్క అరల్లోకి ఎక్కుతాయి. వరండా వైపు ఒక కిటికీ ఉంటుంది. వార్డుల నుంచి వచ్చిన ఆయాలు, నర్సులు ఆ కిటికీ దగ్గర నిలబడి అడగాలి, గంజక్క తన చేత్తో తీసివ్వాలి. లోపలికొచ్చి అర మీద చెయ్యేస్తే ఇక అంతే సంగతులు. ఒకసారి కొత్తగా చేరిన కుర్ర డాక్టరు తొందరలో లోపలికొచ్చి, దొంతర మధ్యలోంచి తువ్వాలు లాగాడు. దొంతరంతా జారి కింద పడింది. కింద పడ్డవన్నీ మళ్ళీ మడిచేదాకా దుప్పటి రెండో కొస అతనితోనే పట్టించింది గంజక్క. అతను ఇప్పుడు పెద్ద డాక్టరు. ఈనాటికీ ఆ కిటికీ ముందుకి వస్తే చేతులు వెనక్కి కట్టుకునే నిలబడతాడు.

ఇంట్లోనూ అదే వరస. ఆవిడ భర్త ఒక పాల కంపెనీలో వ్యాను నడిపి రిటైరయ్యాడు. "పెళ్ళయిన కొత్తలో నన్ను కూడా మడిచి బీరువాలో పెట్టేస్తుందేమోనని కదలకుండా పడుకునేవాణ్ణి" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. గంజక్క ఆ మాట విననట్టే ఉంటుంది. కానీ ఆయన చొక్కా చేతులు సరిగ్గా మడుచుకోకపోతే మాత్రం వీధి చివరిదాకా వెళ్ళైనా సరిచేసి వస్తుంది.

ఇలాంటి మనిషి దగ్గరికి ఒక రోజు పొద్దున్నే టీచరమ్మ వచ్చింది. తెలివి ఎదుగుదలలో తేడా ఉన్న పిల్లలకీ, ఆటిజం ఉన్న పిల్లలకీ చదువూ పనీ నేర్పే బడి ఆవిడది. అప్పటికే వంటశాలలో అడిగింది, తోటపని వాళ్ళనడిగింది, మందుల కొట్టులో అడిగింది. అందరూ "చూద్దాం మేడమ్" అన్నారు. చూద్దాం అంటే చూడరని ఆవిడకీ తెలుసు. వెనకాల గోడకి ఆనుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. రెండు చేతులతో చెవులు మూసుకుని, నేలమీద పలకల గీతల్ని చూసుకుంటోంది. పక్కనే వాళ్ళమ్మ.

"ఏం జబ్బు?" అని అడిగింది గంజక్క.

"జబ్బు కాదక్కా. ఆటిజం. బుర్ర నడిచే తీరే వేరు. గోల పడదు. చెప్పకుండా ముట్టుకుంటే పడదు. ఒక పద్ధతికి అలవాటు పడ్డాక అది మారిస్తే అస్సలు పడదు."

"నాకూ పడదు" అంది గంజక్క.

టీచరమ్మ నవ్వింది. వాళ్ళమ్మ నవ్వలేదు. ఆవిడ బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది. బడిలో పద్దెనిమిదేళ్ళ దాకానే ఉంచుకుంటారు. ఆ వయసు దాటినప్పటి నుంచీ పిల్ల ఇంట్లోనే ఉంటోంది. తండ్రి లేడు, కనిపెట్టుకుని ఉండే మనిషీ లేదు. "బయట తాళం వేసి పోతున్నానక్కా" అంది ఆ తల్లి, గంజక్క మొహంలోకి సూటిగా చూస్తూ. "ఒకసారి గేటు దాటి రోడ్డు మీదికి పోయింది, లారీ కింద పడబోయింది. ఏం చెయ్యను చెప్పండి. సాయంత్రం వచ్చి తాళం తీస్తే, పొద్దున ఎక్కడ కూర్చోబెట్టానో అక్కడే ఉంటుంది."

గంజక్కకి జాలి పడటం చేతకాదు. జాలి పడేవాళ్ళని చూస్తే ఆవిడకి ఒళ్ళు మంట. అందుకని వాళ్ళని లోపలికి పిలిచి, ఒక గలీబు తీసి ఆ అమ్మాయి ముందు బల్ల మీద పడేసింది. అమ్మాయి చెవుల మీంచి చేతులు తీసింది. గలీబు అంచు అంచుకి కలిపింది, మూల మూలకి కలిపింది, అరచేత్తో నెమ్మదిగా నిమిరింది. మళ్ళీ వంగి, కన్ను బల్లకి ఆనించి అంచులు సమానంగా ఉన్నాయా లేదా అని చూసుకుంది. అలా చూసుకునే మనిషి ఈ లోకంలో తనొక్కతే అనుకుంటూ ఇన్నాళ్ళూ బతికింది గంజక్క.

"రేపట్నుంచి రమ్మనండి" అంది.

మొదటి రోజు, కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ చెప్పే మాటే ఆ అమ్మాయికీ చెప్పింది. "ఇదిగో పిల్లా, మడత చెడితే మన పని చెడినట్టే. అర మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకు." ఇదివరకు విన్నవాళ్ళు "అలాగేనక్కా" అని తలూపి, మర్నాటికి మర్చిపోయేవాళ్ళు. ఈ అమ్మాయి తలూపలేదు. మర్చిపోనూలేదు.

పని మాత్రం అద్భుతంగా సాగింది. పెద్ద దుప్పటి మడవాలంటే మామూలుగా ఇద్దరు కావాలి. చెరో వైపు పట్టుకుని, ఎదురెదురుగా నడిచి, కొసలు చేతికి చెయ్యి అందించుకోవాలి. చేతికి చెయ్యి తగలడం ఈ అమ్మాయికి పడదు. అందుకని దుప్పటి సగాన్ని బల్ల మీద పరిచి, మిగతా సగాన్ని గడ్డం కింద బిగించి ఒంటరిగానే మడవడం నేర్చుకుంది. యంత్రాల మోత వినపడకుండా టీచరమ్మ చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోన్లు తెచ్చిచ్చింది. అవి పెట్టుకుని సన్నగా ఏదో కూనిరాగం తీస్తూ మడుస్తుంటే పొద్దు ఎలా గడిచిందో తెలిసేది కాదు. యంత్రాల దగ్గర పనిచేసే తాత ఆమెకి మడతమ్మ అని పేరు పెట్టాడు. గంజక్క కిటికీ దగ్గర, మడతమ్మ బల్ల దగ్గర. వాళ్ళిద్దరి మధ్యా మాటలు తక్కువే. భోజనానికి లేచేటప్పుడు "పదమ్మా" అని గంజక్క, "పద" అని మడతమ్మ.

ఇలా ఉండగా గంజక్కకి పన్ను నొప్పి వచ్చింది. దవడ వాచి, ఓర్చుకోలేక, పై అంతస్తులో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. "ఒక్క చిటికెలో వస్తా" అని మడతమ్మకి చెప్పి మరీ వెళ్ళింది. అదే సమయానికి వార్డు నుంచి నర్సు వచ్చింది. ఆపరేషనయిన మనిషిని తీసుకొస్తున్నారు, మంచం మీద దుప్పటి లేదు. కిటికీ దగ్గర అడిగింది. మడతమ్మ పలకలేదు. నర్సుకి ఓపిక లేదు, ఉండే సమయమూ కాదది. తలుపు తోసుకుని లోపలికొచ్చి అర మీద చెయ్యేసింది.

గంజక్క దవడకి దూది నొక్కుకుంటూ దిగొచ్చేసరికి వరండా నిండా జనం. మడతమ్మ రెండు చేతులూ బార చాపి అరకి కరుచుకుపోయి ఉంది. గొంతు చిరిగిపోయేలా ఒకటే కేక. ఎవరో లాగబోయినట్టున్నారు, చేతి మీద గోళ్ళు గీరుకున్నాయి. నర్సు ఏడుపు మొహంతో గోడకి చేరగిలబడింది. పైన ఆపరేషనయిన మనిషి ఉత్త రెక్సిన్ పరుపు మీద వణుకుతూ పడుకుని ఉన్నాడు.

గంజక్క అందర్నీ బయటికి తోలింది. తలుపు వేసింది. "ఏంటే ఈ పని?" అంది. వాచిన దవడతో మాట సరిగా రాకపోయినా కోపం మాత్రం సరిగ్గానే వచ్చింది.

చాలాసేపటికి మడతమ్మ గొంతు దిగింది. అర వదలకుండానే, గంజక్క గొంతునీ ఆ విరుపునీ యథాతథంగా దింపుతూ చెప్పింది. "మడత చెడితే మన పని చెడినట్టే. అర మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకు."

గంజక్క బల్ల మీద కూలబడింది. ఇన్నేళ్ళలో ఆ మాటని తు.చ. తప్పకుండా పాటించిన ఒకే ఒక్క మనిషిని తను ఇప్పుడు తిట్టాలి. ఆవిడకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. పన్ను నొప్పి ఎటూ ఉండనే ఉంది.

హెడ్ నర్సు చెడ్డ మనిషి కాదు. పిలిపించి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి మరీ చెప్పింది. "అక్కా, మీ మనసు నాకు తెలుసు. కానీ నాకు రోగులు ముఖ్యం. దుప్పటి కోసం కొట్లాడుకునే చోట నేను వార్డు నడపలేను. శనివారం నేనే వచ్చి అడుగుతాను. మీరున్నా లేకపోయినా దుప్పట్లు వార్డుకి రావాలి. రాలేదా, ఆ అమ్మాయిని పంపించెయ్యండి."

టీచరమ్మ మధ్యేమార్గం చెప్పింది. బల్లకీ కిటికీకీ మధ్య ఒక చెక్క తడిక కట్టి, మడతమ్మని లోపలి వైపు కూర్చోబెడితే సరిపోతుంది. వచ్చేవాళ్ళు ఆమెకి కనపడరు, దుప్పట్లు ఎటు పోతున్నాయో తెలియదు. హెడ్ నర్సు కూడా ఒప్పుకుంటుంది. తాత అయితే తడికకి చెక్కలు కూడా చూసిపెట్టాడు.

గంజక్క ఒంటికాలి మీద లేచింది. "అక్కడ తాళం, ఇక్కడ తడికా? ఆ మాత్రానికి ఇంట్లోంచి తీసుకురావడం ఎందుకు? తను చేసిన పని ఎటు పోతుందో తెలియకుండా పనిచెయ్యమని దాన్నెలా అడుగుతాను మేడమ్? మీరు చేస్తారా? నేను చేస్తానా? చెప్పింది నేను. నేనే చెప్పాను కాబట్టి నేనే మార్పిస్తాను."

"శనివారం లోపలా?" అంది టీచరమ్మ.

"శనివారం లోపలే."

ఆవిడ పట్టు పట్టిందంటే వదలదని అందరికీ తెలుసు. అవతలి మనిషి పట్టు అంతకంటే గట్టిదని ఆవిడకి ఆ మర్నాడు తెలిసింది. ముందు మాటలతో చెప్పి చూసింది. "ఇదిగో అమ్మా, ఇవ్వచ్చు. ఇవ్వడానికే మనం మడిచేది. సరేనా?" మడతమ్మ "మడత చెడుతుంది" అంది. "చెడనీ" అంది గంజక్క. ఆవిడ ఎప్పుడూ అనని మాట. మడతమ్మ ఆవిడ వైపు వింతగా చూసి, "చెడకూడదు" అని సరిదిద్దింది.

చెప్పి లాభం లేదని, చేసి చూపించబోయింది. అరలో అన్నిటికంటే పైనున్న దుప్పటి తీసి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఒక్క దులుపు దులిపింది. తన చేత్తో, తన గదిలో, తన మడతని. కళ్ళు తెరిచేసరికి మడతమ్మ నేల మీద కూర్చుని తల గోడకేసి కొట్టుకుంటోంది. గంజక్క దుప్పటినే ఉండచుట్టి గోడకీ తలకీ మధ్య పెట్టి, ముట్టుకోకుండా, పక్కనే కూర్చుండిపోయింది. ఆ రోజు ఇంకేమీ చెయ్యలేదు. సాయంత్రం ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని, "నా వల్ల కాదేమో" అంది. పెళ్ళయ్యాక భార్య నోట ఆ మాట వినడం ఆయనకి అదే మొదటిసారి. వేళాకోళం చెయ్యబోయి మానుకున్నాడు. "నీ వల్ల కాకపోతే ఇంకెవరి వల్లా కాదు. అన్నం తిను" అన్నాడు. ఆవిడ తిన్నది. ముద్ద ముద్దకీ ఆ గోడ చప్పుడే గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున గంజక్క ఏమీ చెయ్యకుండా మడతమ్మనే చూస్తూ కూర్చుంది. నిజం చెప్పాలంటే ఇన్ని రోజుల్లో ఆ అమ్మాయి చేతుల్నే చూసింది తప్ప మనిషిని ఎప్పుడు చూసింది గనక. మడతమ్మ ఒక గౌను మడిచింది. వంగి చూసుకుంది. అంచు వంకర పోయింది. ఏ గొడవా లేకుండా, ఏ బాధా లేకుండా తనే విప్పేసి, దులిపి, మళ్ళీ మొదలుపెట్టింది. కూనిరాగం కూడా ఆగలేదు.

గంజక్కకి అప్పుడు తట్టింది. అయితే విప్పడం అంటే భయం లేదు ఈ పిల్లకి. ఇంకొకళ్ళు విప్పితేనే భయం.

అప్పట్నుంచి పద్ధతి మార్చింది. అర మీద ఉన్న గలీబు చూపించి, "ఇది నువ్వే తియ్యి" అంది. మడతమ్మ తీసింది. "నువ్వే విప్పు." చాలాసేపు ఆలోచించింది. విప్పింది. "మళ్ళీ మడిచెయ్యి." మడిచింది. గలీబు తర్వాత తువ్వాలు, తువ్వాలు తర్వాత గౌను, గౌను తర్వాత దుప్పటి. రోజంతా ఇదే. బట్టలు తెచ్చిన తాత చూసి, వీళ్ళిద్దరికీ మతి పోయిందని నర్సులకి చెప్పొచ్చాడు. అర మీది దొంతరలు కాస్త అటూ ఇటూ అయ్యాయి. గంజక్క చూసి చూడనట్టు ఊరుకుంది. ఆవిడకి రాత్రి కలలో అన్నీ వంకర అంచులే వచ్చాయట.

విప్పడం వచ్చింది. ఇవ్వడం రాలేదు. "ఇదిగో, నా చేతికివ్వు" అంటే దుప్పటి గుండెలకి అదుముకుని వెనక్కి వెళ్ళిపోయేది. శుక్రవారం సాయంత్రం దాకా అంతే. కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చిన తల్లి తలుపు దగ్గరే నిలబడి అంతా చూసింది. "పోనీలెండక్కా. మీరు చేసినంత ఎవరూ చెయ్యలేదు" అంది.

"నేనింకా ఏం చేశానని" అంది గంజక్క కసురుకున్నట్టుగా. "రేపు పొద్దున్నే తీసుకురా. ఆలస్యం చేశావంటే ఊరుకోను."

శనివారం హెడ్ నర్సు చెప్పినట్టే వచ్చింది. ఆమె వెనకాల ఇద్దరు ఆయాలు, టీచరమ్మ. గంజక్క కిటికీ దగ్గర్నించి లేచి, ఒక మూల స్టూలు మీద కూర్చుంది. చేతులు ఊరుకోవని వాటిని తొడల కింద పెట్టుకుంది.

"దుప్పట్లు కావాలమ్మా" అంది హెడ్ నర్సు.

మడతమ్మ లేచింది. అర దగ్గరికి నడిచింది. పైనుంచి కొన్ని దుప్పట్లు తీసి, చేతుల మీద పెట్టుకుని, గడ్డంతో నొక్కి పట్టింది. కిటికీ దాకా వచ్చింది. హెడ్ నర్సు చేతులు చాపింది. మడతమ్మ ఆ చేతుల్ని చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది.

గంజక్క తల దించుకుంది. అయిపోయింది అనుకుంది. ఈ పిల్ల సోమవారం నుంచి తాళం వెనక కూర్చుంటుంది, నేనేమో ఈ అరల ముందు నా మడతలు చూసుకుంటూ కూర్చుంటాను అనుకుంది. జన్మలో ఎన్నడూ లేనంత అసహ్యం వేసింది ఆవిడకి ఆ మడతలంటే.

తలుపు చప్పుడైంది. తలెత్తి చూస్తే మడతమ్మ గదిలో లేదు. దుప్పట్లు మోసుకుని బయటికి వచ్చేసి, హెడ్ నర్సు పక్క నుంచే వరండాలోకి నడిచిపోతోంది.

"నేనే విప్పుతా" అంది, ఎవరితోనూ కాదన్నట్టు.

ఆ వరండా దాటి ఆ అమ్మాయి ఎప్పుడూ పైకి వెళ్ళలేదు. మెట్ల మీద జనం, ట్రాలీల చప్పుడు, పిల్లల ఏడుపులు, మందుల వాసన. గోడకి భుజం రాసుకుంటూ, హెడ్‌ఫోన్ల కింద మొహం బిగించుకుని నడుస్తోంది. గంజక్క పరిగెత్తుకెళ్ళి పట్టుకోబోయింది. టీచరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. హెడ్ నర్సు ముందు నడిచి దారి చూపి, వార్డు తలుపు తెరిచి పట్టుకుంది, అంతే.

వార్డులో ఒక మంచం ఖాళీగా, ఉత్త పరుపుతో ఉంది. పక్కనే చక్రాల కుర్చీలో ఒక ముసలాయన, పక్క వేస్తే పడుకుందామని ఎదురుచూస్తున్నాడు. మడతమ్మ దుప్పట్లు కుర్చీ మీద పెట్టింది. పైదాన్ని తీసింది. కాసేపు అలాగే నిలబడింది. తర్వాత ఒక్కొక్క మడతే విప్పుకుంటూ పరుపు మీద పరిచింది. అంచులు కిందికి దోపింది, మూలలు మడిచి బిగించింది. వంగి, కన్ను పరుపుకి ఆనించి చూసుకుంది. ఒక చోట మళ్ళీ సర్దింది. ఆ ఆసుపత్రిలో అంత చక్కగా వేసిన పక్క ఇంకోటి ఉండి ఉండదు.

ముసలాయన్ని ఆయాలు లేపి పడుకోబెట్టారు. దుప్పటి ముడతలు పడింది. గంజక్క గుమ్మం దగ్గరే ఆగిపోయి, తలుపు చెక్క పట్టుకుంది. మడతమ్మ ఆ ముడతల్ని చూస్తూ నిలబడింది. ఆమె వేళ్ళు కదులుతున్నాయి.

"నలిగింది" అంది.

"నలిగింది తల్లీ" అన్నాడు ముసలాయన, తప్పు చేసినవాడిలా. "నేను బరువు కదా."

మడతమ్మ ఆలోచించింది. వార్డంతా ఆమె వైపే చూస్తోంది, ఆమె ఎవరి వైపూ చూడటం లేదు.

"ఉతుకుతారు" అంది చివరికి. "మళ్ళీ నేను మడుస్తా."

ఇంతవరకూ హెడ్ నర్సు మడతమ్మ గురించి గంజక్కతోనో టీచరమ్మతోనో మాట్లాడిందే తప్ప, ఆమెతో ఎప్పుడూ సరిగ్గా మాట్లాడలేదు. "ఆ కిటికీ పక్కన రెండు మంచాలున్నాయి. అవి కూడా వేస్తావా? సోమవారం నుంచి ఈ వార్డు పక్కలన్నీ నువ్వే తెచ్చి వెయ్యాలి మరి" అంది.

మడతమ్మ కుర్చీ మీద మిగిలిన దుప్పట్లని చేతుల మీదికి ఎత్తుకుని, గడ్డం బిగించి, కిటికీ వైపు బయల్దేరింది.

దారిలో గంజక్క నిలబడి ఉంది. ఎప్పుడు లోపలికి వచ్చిందో ఆవిడకే తెలియదు. ఇంతమంది చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా, వాచిన దవడ మీంచి కన్నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా ఏడుస్తోంది.

"అక్కా, జరుగు" అంది మడతమ్మ.

గంజక్క పక్కకి జరిగింది.